దారిలో ఏ ఫోటోనూ తుడవకండి

సంక్రాంతికి కోనసీమ బయలుదేరుతున్న మా బంధువుల అబ్బాయి ఒకడు వాళ్ల నాన్నగారి పాత డిజిటల్ కెమెరాను బీరువాలోంచి బయటికి తీశాడు. దానితో పాటు దొరికింది ఒకటే మెమరీ కార్డు, 2 జీబీది. పండుగ మూడు రోజులూ ఊళ్లో గడిపి, ఆ తర్వాత అంతర్వేది, యానాం, కోరంగి కూడా తిరిగి రావాలని వాడి ఆలోచన. ఈ కార్డు సరిపోతుందా అని కుటుంబ వాట్సాప్ గ్రూపులో అడిగాడు. వెంటనే ఒకాయన జవాబిచ్చారు: "రోజూ రాత్రి పడుకునే ముందు చూసుకుని, పనికిరానివి తుడిచేస్తూ ఉండు. చోటు దానంతటదే వస్తుంది." గ్రూపులో అందరూ బాగుందన్నారు.

పాత కెమెరా, చిన్న కార్డు అనగానే ఎవరి నోటనైనా మొదట వచ్చే సలహా ఇదే. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. ఖర్చు లేదు, కొత్తగా కొనవలసింది లేదు. అయినా ఈ సలహా వల్ల పోయినన్ని ఫోటోలు దొంగతనాల వల్ల గాని, నీళ్లలో పడటం వల్ల గాని పోయి ఉండవని నా గట్టి నమ్మకం. ప్రయాణంలో ఉన్నంతకాలం ఏ ఫోటోనూ తుడవకూడదు. కార్డు నిండితే తీసి దాచి, ఇంకొకటి వేసుకోవాలి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఇల్లు చేరి, నాలుగు రోజులు ఆగి, పెద్ద తెర మీద చూసి తేల్చుకోవలసిన విషయం. దారిలో ఆ పని పెట్టుకోవడం కుప్ప నూర్చకముందే తూర్పారబట్టడం లాంటిది.

పాత కెమెరా ఎందుకు, ఫోను ఉందిగా అనేవాళ్లతో ఇక్కడ వాదించను. నా దగ్గర 2005 నాటి నికాన్ డి50 ఉంది. 6 మెగాపిక్సెళ్లు. ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది, దాని రంగులు నాకు ఇష్టం. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా అదే తీసుకెళ్తాను. ఈ వ్యాసం అలాంటి కెమెరా ఉన్నవాళ్ల కోసం.

2 జీబీల గోడ

ముందు సమస్య ఎక్కడుందో చూద్దాం. "పెద్ద కార్డు కొనుక్కో, 64 జీబీది చౌకగానే వస్తుంది" అని సులువుగా చెప్పేస్తారు. ఆ కార్డు ఈ కెమెరాలో పట్టడమైతే పడుతుంది, కెమెరా మాత్రం దాన్ని గుర్తించదు. ఇలాంటి కెమెరాల్లో ఎక్కువగా వాడేది ఎస్‌డీ అనే రకం కార్డు. దాని మొదటి తరానికి ప్రమాణం 2 జీబీ దగ్గర ఆగిపోయింది. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 4 నుంచి 32 జీబీ దాకా, 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ ఆ పైకి. చూడటానికి మూడూ ఒకే కొలత, ఒకే ఆకారం. తేడా అంతా లోపలే ఉంది. పాత కార్డులో చోటును బైట్ల లెక్కన అడగాలి, కొత్త కార్డులో 512 బైట్ల దిమ్మల లెక్కన అడగాలి. 2006కు ముందు తయారైన కెమెరాల్లో చాలావాటికి ఆ రెండో లెక్క తెలియదు. కార్డును ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా, దానిలో చిన్న విభాగం కట్టినా ఉపయోగం ఉండదు. దుకాణంలో తెలియక అమ్ముతారు, మనం తెలియక కొంటాం.

ఎస్‌డీ కార్డు వాడే కెమెరా ఉన్నవాళ్లు ఇంకా అదృష్టవంతులే. 2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కలిసి తెచ్చిన ఎక్స్‌డీ కార్డు కూడా 2 జీబీ దాటకుండానే కనుమరుగైంది. అంతకు ముందరి స్మార్ట్‌మీడియా అయితే 128 ఎంబీ దగ్గరే ఆగిపోయింది. వాటి గురించి కింద మళ్లీ చెబుతాను, ఎందుకంటే నా వాదనకు అసలు చిక్కు వాటి దగ్గరే వస్తుంది.

2 జీబీ అంటే మరీ తక్కువేమీ కాదు. డి50లో మంచి నాణ్యత గల జేపెగ్ (కుదించి దాచే మామూలు ఫోటో ఫైలు) ఒక్కొక్కటి సుమారు 3 ఎంబీ. అంటే ఒక కార్డులో 500 పైచిలుకు ఫోటోలు. 36 ఫోటోల రీలు రెండు కొనుక్కుని పెళ్లి మొత్తం తీసిన ఇళ్లలోనే మనం పుట్టాం. ఒక కార్డు ఒక రోజుకు హాయిగా సరిపోతుంది. చిక్కల్లా, ఆ ఒక్క కార్డునే ఐదు రోజులూ సాగదీయాలనుకున్నప్పుడే.

మరి ఇన్ని 2 జీబీ కార్డులు ఎక్కడ దొరుకుతాయి? కొత్తవి అరుదైపోయాయి. అయితే మనందరి ఇళ్లలోనూ అవి ఉన్నాయి, మనం గమనించం. ఒకప్పటి మీటల ఫోన్లలో పాటలు ఎక్కించుకోవడానికి వాడిన మైక్రో ఎస్‌డీ కార్డుల్లో చాలావరకు 1 జీబీ, 2 జీబీలవే. చిన్న అడాప్టరులో పెడితే అవి పాత కెమెరాలో పనిచేస్తాయి. అమలాపురంలో సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణాల్లో అడిగితే సొరుగు లాగి గుప్పెడు కార్డులు బల్ల మీద పోస్తారు. ఒకాయన నాకు అలా ఏరి ఇస్తూ, "ఇవి ఇప్పుడెవరికండీ?" అన్నారు. కెమెరా చూపిస్తే సంతోషించి అడాప్టరు ఊరికే ఇచ్చారు.

అలా తెచ్చుకున్నదాన్ని నేరుగా నమ్మకూడదు. నకిలీ కార్డు తనలో లేని చోటును ఉన్నట్టు చూపిస్తుంది. అసలు చోటు నిండాక మనం రాసినదంతా గాలికి పోతుంది, కెమెరా తెర మీద మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఇంట్లోనే కంప్యూటర్‌కు పెట్టి, కార్డును అంచు దాకా ఫైళ్లతో నింపి, వాటిని తిరిగి తెరిచి చూడాలి. ఈ పని చేసిపెట్టే ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. గట్టిగా ఒక గంట పని. ఆ పరీక్షలో నెగ్గిన కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి, మీద చిన్న కాగితం ముక్క అంటించి ఒక అంకె వేసుకోవాలి. మైక్రో కార్డు మీద కాగితం నిలవదు, అడాప్టరు మీద వేసుకుని, ఆ జంటను విడదీయకుండా ఉంచుకోవాలి.

రెండంగుళాల తెర మీద తీర్పు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాత్రి పూట కూర్చుని తుడిచేవాళ్లు దేన్ని చూసి తుడుస్తున్నారు? డి50 వెనక తెర 2 అంగుళాలు. దాని మీద ఫోటో పదునుగా ఉందో లేదో సరిగ్గా తెలియదు. చీకటిగా ఉన్నట్టు కనిపించేది కంప్యూటర్‌లో కొద్దిగా వెలుతురు పెంచితే తేటపడవచ్చు. వెలుగులో మెరిసినట్టు కనిపించినది తీరా చూస్తే మసకగా ఉండవచ్చు. అంత చిన్న తెర మీద, రోజంతా ఎండలో తిరిగి వచ్చి, నిద్ర కమ్ముకొస్తుండగా, బ్యాటరీ చివరి గీత మీద ఉండగా మనం తీర్పు చెబుతున్నాం. ఆ తీర్పుకు పునర్విచారణ కూడా ఉండదు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి (ఊరూరి దేవుళ్లను వెదురు చట్రాలతో కట్టిన ఎత్తైన ప్రభల మీద తెచ్చే జాతర) వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ చూడవలసిన ఘట్టం గంగలకుర్రు వైపు ప్రభలు ఎగువ కౌశిక కాలువను దాటడం. అంత ఎత్తు ప్రభను భుజాల మీద మోస్తూ, "శరభ శరభ" అంటూ కాలువలోకి దిగుతారు. అవతలి గట్టు ఎక్కేదాకా చూసేవాళ్లకు గుండె నిలవదు. ఒక ఏడాది నా పక్కన గట్టు మీద ఒక కుర్రాడు కెమెరాతో నిలబడ్డాడు. ప్రభ నీళ్లలోకి దిగుతుండగానే అతని కార్డు నిండిపోయింది. తల దించుకుని ఒక్కొక్క ఫోటో వెనక్కి జరుపుతూ, తుడిచేస్తూ నిలబడ్డాడు. తల ఎత్తేసరికి ప్రభ అవతలి గట్టున ఉంది. అతని జేబులో ఇంకో కార్డు ఉంటే పది సెకన్లలో అయిపోయే పని.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ తర్వాత అతను చెప్పిన మాట. ఆ ఆత్రంలో మొదట ఏవి తుడిచావు బాబూ అని అడిగాను. పొద్దున ఊళ్లో తీసినవి అన్నాడు. ప్రభ బయలుదేరే ముందు వాళ్ల తాతగారు కొబ్బరికాయ కొడుతుంటే తీశాడట. వెలుతురు చాలలేదని, అవే ముందు తీసేశాడట. ప్రభ కాలువ దాటే ఫోటోలు ఆ రోజు కొన్ని వందల మంది తీశారు. 2023 గణతంత్ర దినోత్సవాల్లో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీలో ఊరేగింది కూడా ఈ ప్రభల తీర్థమే, కాబట్టి ఆ చిత్రాలకు కొరత ఉండదు. వాళ్ల తాతగారు ఆ ఉదయం కొబ్బరికాయ కొట్టిన ఫోటో మాత్రం ఇంకెవరి దగ్గరా ఉండదు. తొందరలో తుడిచేవాడి చేతికి ముందు దొరికేవి ఎప్పుడూ ఇలాంటివే. ఇంటి ఫోటోలు, వెలుతురు సరిగ్గా లేనివి, ఎవరో కళ్లు మూసుకున్నవి.

ఇంకొక సంగతి. ఫోటో విలువ తీసిన రోజున తెలియదు. నా దగ్గర అంతర్వేది రథోత్సవం ఫోటోలు కొన్ని ఉన్నాయి. భీష్మ ఏకాదశి జనసందోహంలో రథం పూర్తిగా ఫ్రేములోకి రాలేదు. ఒకదానిలో చక్రం, దాని మీద పడిన తలల నీడలు. ఇంకొకదానిలో కింది అంతస్తు కొయ్య చెక్కడం, ముందు ఎవరిదో ఎత్తిన చెయ్యి. ఆ రాత్రి చూసుకుని తుడిచేసే అలవాటు నాకు ఉండి ఉంటే ఆ రెండూ మొదటి వరుసలో పోయేవి. 2020 సెప్టెంబరులో ఆ రథం దగ్ధమైంది. కొత్త రథాన్ని చేయించి తర్వాతి ఫిబ్రవరి ఉత్సవానికి సిద్ధం చేశారు, అది వేరే సంగతి. మంటల వార్త వచ్చిన రోజున మా వదిన ఫోను చేసి, "పాత రథం ఫోటోలు నీ దగ్గర ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది. రథం మొత్తం కనిపించే ఫోటోలు చాలామంది దగ్గర ఉన్నాయి. ఆ చెక్కడం అంత దగ్గరగా కనిపించేది మా వాళ్లలో ఇంకెవరి దగ్గరా లేదు.

గోదావరి దగ్గర ఈ మాట ఇంకా బాగా వర్తిస్తుంది. ఇక్కడ నేల కూడా నిలకడగా ఉండదు. ఒక వరదకు లంక అంచు కోసుకుపోతుంది, ఇంకో వరదకు ఇసుక మేట వేస్తుంది. కోటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం వెళ్తూ తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. పంటు ఊగి, ఫ్రేము ఒరిగిపోయి, సైకిళ్ల హ్యాండిళ్లు అడ్డం వచ్చి, ఒక్కటి కూడా గోడకు పెట్టుకునేలా లేదు. కాని వెనక గోదావరి పాయ గౌతమి ఒడ్డు నుంచి ఒడ్డుకు ఖాళీగా ఉంది. కోటిపల్లి, నరసాపురం రైలు మార్గం కోసం నదిలో స్తంభాలు లేచాక ఆ దృశ్యం మళ్లీ రాదు. ఫోటో తీసినప్పుడు నేను చూసింది మనుషుల్ని, సైకిళ్లను. వెనక ఉన్న నదిని చూడలేదు. మనం చూడని సంగతులు కూడా ఫోటోలో ఉంటాయి, వాటిని చూడటానికి కొన్నేళ్లు పడుతుంది.

అన్నీ దాచుకుంటే చెత్త పేరుకోదా?

పేరుకుంటుంది. ఈ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. ఒకే కొబ్బరిచెట్టు ఇరవై ఫోటోలు ఉన్న ఫోల్డరును ఎవరూ రెండోసారి తెరవరు. ఎన్నడూ తెరవని ఫోల్డరుకూ తుడిచేసిన ఫోల్డరుకూ తేడా ఏముంది అని మా తమ్ముడు అడుగుతాడు. వాడి ప్రశ్నలో బలం ఉంది. ఏరివేత జరగాలి. ఏరకుండా వదిలేసిన ఫోటోలు పిల్లలకు భారమవుతాయి, ఆస్తి కావు. నేను కాదనేది ఏరివేతను కాదు, దారిలో చేసే ఏరివేతను మాత్రమే.

రెండో అభ్యంతరం ఫిల్మ్ కాలం నుంచి వచ్చినవాళ్లది. చిన్న కార్డు ఉండటమే మంచిది, చోటు తక్కువైతే మనిషి ఆలోచించి తీస్తాడు, కార్డు మీద కార్డు పెట్టుకుంటే ఆ క్రమశిక్షణ పోతుంది అంటారు. మీట నొక్కే ముందు నిగ్రహం ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. డి50తో తిరిగేటప్పుడు నేను ఫోనుతో తీసినదానిలో నాలుగో వంతు కూడా తీయను. కాని నొక్కాక తుడిచెయ్యడం నిగ్రహం ఎలా అవుతుంది? ఫిల్మ్ కాలంలో ఆ వీలే లేదు. అమలాపురంలో మా పెళ్లి ఫోటోలు తీసిన స్టూడియో యజమాని ప్రింటు బాగా రాని నెగెటివ్‌ను కూడా పారేసేవారు కాదు. కవరు మీద తేదీ, ఇంటిపేరు రాసి పెట్టేవారు. ఎప్పుడో ఒకసారి ఎవరో వచ్చి, ఫోటోలో పక్కన నిలబడిన మనిషి మా అమ్మ, ఆమె ఒక్కదానిదే పెద్దది చేసి ఇస్తారా అని అడుగుతారని ఆయనకు తెలుసు. ఫిల్మ్ నేర్పిన క్రమశిక్షణ గురించి మాట్లాడేవాళ్లు ఈ సగాన్ని ఎందుకో మరచిపోతారు.

మూడోది నిజంగా కష్టమైనది. పైన చెప్పిన ఎక్స్‌డీ, స్మార్ట్‌మీడియా కార్డుల వాళ్లు ఏం చేయాలి? రెండో కార్డు కొందామన్నా దొరకడం కష్టం. వాళ్లకు "ఇంకో కార్డు వేసుకోండి" అని చెప్పి తప్పుకోలేను. వాళ్ల దారి ఇది: రాత్రి బసలో కార్డు మొత్తాన్ని ఫోనులోకి ఒకసారి, పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి ఎత్తాలి. రెండు ప్రతులూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక కార్డును ఖాళీ చేయాలి. ఖాళీ చేయడం అంటే మొత్తాన్ని కెమెరాలో ఫార్మాట్ చేయడమే, ఒక్కొక్క ఫోటో మీద కూర్చుని తీర్పు చెప్పడం కాదు. ఇక్కడ కూడా ఏ ఫోటో పోలేదు, చోటు మాత్రమే మారింది. ఆ పాత కార్డులను చదివే రీడరు ఇంటి నుంచే తీసుకెళ్లాలి, రాజమండ్రిలో దిగాక వెతుక్కుంటే కష్టం.

ఒక్క మినహాయింపు

ఏ ఫోటోనూ తుడవకూడదన్న నియమానికి నేను ఒప్పుకునే మినహాయింపు ఒకటే ఉంది. ఫోటోలో ఉన్న మనిషి తీసేయమంటే అక్కడికక్కడే తీసేయాలి.

అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు ఆరబెట్టే చోట ఒకామె నన్ను పిలిచి, "అమ్మా, నన్ను కూడా తీశారా? వద్దమ్మా, తీసేయండి" అన్నారు. పని బట్టల్లో ఉన్నానని ఆమె అభ్యంతరం. ఫోటో బాగుంది. ఎండలో బంగారు రంగు పీచు, ఆమె చేతుల్లో పార. అయినా ఆమెకు తెర చూపించి, ఆమె చూస్తుండగానే తుడిచేశాను.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలుసుకుంటే మంచిది. కెమెరాలో డిలీట్ నొక్కితే ఫోటో వెంటనే కార్డు నుంచి పోదు. జాబితాలో ఆ పేరు కొట్టివేసినట్టు గుర్తు పడుతుంది, ఆ చోటు ఖాళీ అని నమోదవుతుంది. అక్కడ కొత్త ఫోటో రాసేదాకా పాత ఫోటో అక్కడే ఉంటుంది. మామూలు ఫార్మాట్ కూడా చాలా కెమెరాల్లో ఇంతే. ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాముతో దాన్ని బయటికి తీయవచ్చు. కాబట్టి ఆమెకు ఇచ్చిన మాట ఇల్లు చేరాక కూడా వర్తిస్తుంది. ఆ కార్డు మీద ఏ కారణానికైనా అలాంటి ప్రోగ్రాము నడిపితే, ఆ ఫోటో పైకి తేలితే, మళ్లీ తీసేయాలి.

ఇదే విషయం ఇంకోవైపు నుంచి నా వాదనకు బలం కూడా. పిల్లలు ఆడుకుంటూ తుడిచేసినా, కార్డు చదవడంలో లోపం చూపించినా, ఆ క్షణంలో చేయవలసింది ఒకటే: ఆ కార్డు మీద ఇక ఒక్క ఫోటో కూడా రాయకూడదు. ఒకటే కార్డు ఉన్నవాళ్లు ఈ పని చేయలేరు, ప్రయాణం సగంలో ఉంటుంది కాబట్టి. విడి కార్డులు ఉన్నవాళ్లు దాన్ని తీసి పక్కన పెట్టి, తీరికగా ఇంటి దగ్గర ప్రయత్నిస్తారు. కార్డు పక్కన ఉండే చిన్న తాళపు మీటను కిందికి జరిపితే ఇంకా నయం. అయితే ఆ మీట స్థానాన్ని చూసి ఆగేది కెమెరా గాని రీడరు గాని, కార్డు తనంతట తాను ఆపుకోలేదు. కాబట్టి దాన్ని పూర్తి రక్షణ అనుకోకూడదు.

రెండో ప్రతి ఎక్కడ ఉండాలి

నిండిన కార్డును డబ్బాలో పెట్టుకుంటే సగం పనే అయింది. దాని నకలు ఇంకోచోట ఉండాలి. ఈ కాలంలో అందుకు ల్యాప్‌టాప్ మోయనక్కర్లేదు. టైప్ సీ మూతి ఉన్న చిన్న కార్డ్ రీడర్ ఫోనుకు తగిలిస్తే, ఓటీజీ (ఇలాంటి పరికరాలను నేరుగా ఫోనుకు తగిలించే వీలు) పనిచేసే ఫోనులో కార్డు పెన్‌డ్రైవ్ లాగా కనిపిస్తుంది. కార్డులో ఫోటోలుండే డీసీఐఎం అనే ఫోల్డరును మొత్తంగా ఫోనులోకి నకలు తీయాలి. తరలించమని మాత్రం చెప్పకూడదు. తరలిస్తుండగా మధ్యలో రీడరు కదిలితే అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. నకలైన ఫోల్డరుకు తేదీ, ఊరు, కార్డు అంకె పేరుగా పెట్టాలి. ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం రెండు వైపులా సరిపోయాయో చూసి, మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి తెరిచి చూడాలి.

పేరు పెట్టడం ఎందుకంత ముఖ్యమంటే, పాత కెమెరాల్లో కొన్ని ప్రతి కొత్త కార్డుకూ 0001 నుంచి లెక్క మొదలుపెడతాయి. రెండు కార్డుల్లో అవే పేర్లు ఉంటాయి. రెండింటినీ ఒకే ఫోల్డరులో వేసి, అదే పేరున్న పాతవాటి మీద రాయమంటారా అన్న ప్రశ్నకు చూడకుండా ఔనంటే మొదటివి రెండోవాటి కింద పోతాయి. సంఖ్య కొనసాగించే అమరిక ఉంటే బయలుదేరే ముందే పెట్టుకోవాలి. అలాగే కెమెరాలో తేదీ సరిగ్గా ఉందో చూసుకోవాలి. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న కెమెరా తేదీ మరచిపోయి ఉంటుంది.

వాట్సాప్‌లో ఇంటికి పంపేస్తే అదే రెండో ప్రతి కదా అనేవాళ్లు ఉన్నారు. మామూలుగా పంపితే అది ఫోటోను కుదించి పంపుతుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. అది చూపించుకోవడానికి బాగుంటుంది, దాచుకోవడానికి పనికిరాదు. ఇంటర్నెట్‌లో దాచుకోవడం మంచిదే, నేనూ దాస్తాను. అయితే గూగుల్ ఫోటోస్‌లో 2021 జూన్ 1 నుంచి ఎక్కించినదంతా ఉచితంగా ఇచ్చే 15 జీబీల లెక్కలోకే వస్తోంది. రోజుకు ఒకటిన్నర, 2 జీబీల డేటా వచ్చే ఫోను పథకంలో నిండిన కార్డు ఒక్కటి ఎక్కిస్తే ఆ రోజు కోటా అయిపోయినట్టే. వైఫై ఉన్న బస దొరికితే ఎక్కించండి, దొరకకపోతే దాని మీద ఆశ పెట్టుకోకండి.

రెండు ప్రతులూ ఒకే సంచిలో ఉండకూడదన్నది అందరూ ఒప్పుకునే మాట, పాటించేవాళ్లు తక్కువ. నిండిన కార్డుల డబ్బా మా ఆయన సంచిలో, ఫోను నా దగ్గర. తీర్థంలో తోపులాటలో, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు ఒక సంచి పోయినా ఇంకొకటి మిగులుతుంది. పైన చెప్పిన స్టూడియో యజమాని కవర్లన్నీ ఒకే అటక మీద ఉండేవి. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి పైకప్పు లేచిపోయి, తెల్లవారేసరికి కవర్లు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇంత శ్రద్ధగా దాచిన మనిషికి రెండో చోటు లేకపోవడం వల్ల ఏం జరిగిందో మా ఊళ్ల వాళ్లకు తెలుసు. ఆయనకు నెగెటివ్ నకలు తీసుకునే స్తోమత లేదు. మనకు అది రాత్రి భోజనం చేస్తుండగా ఫోను చేసిపెట్టే పని.

డెల్టాలో వానకాలం గురించి ఒక మాట. ఇక్కడి తేమకు కార్డు కన్నా లెన్సు ఎక్కువ భయపడాలి, బూజు పడుతుంది. కార్డులకు మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, దానిలో సిలికా జెల్ పొట్లం చాలు. ఏసీ కారులోంచి దిగిన వెంటనే కార్డు మార్చకండి. చల్లటి కెమెరా మీద చెమ్మ పడుతుంది, అది ఆరాక మూత తీయండి.

అన్ని కార్డులూ నిండితే

ఇన్ని చెప్పాక కూడా ఒక రోజు రావచ్చు. కార్డులన్నీ నిండాయి, అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నిలబడి ఉన్నారు, నకలు తీసే తీరిక లేదు. అప్పుడైనా తుడవాలా అంటే, దానికి ముందే ఒక దారి ఉంది. చివరి కార్డు సగానికి వచ్చిందనగానే నాణ్యత ఒక మెట్టు దించండి. నికాన్‌లో ఫైన్ అంటే సుమారు నాలుగో వంతుకు కుదింపు, నార్మల్ అంటే ఎనిమిదో వంతుకు. ఫైను నుంచి నార్మల్‌కు మారితే మిగిలిన చోటులో దాదాపు రెట్టింపు ఫోటోలు పడతాయి. పోస్టుకార్డు కొలతలో అచ్చు వేస్తే ఆ తేడాను పట్టుకోవడం చాలా కష్టం. రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా పట్టినదాన్ని పెద్దగా మార్చకుండా దాచే పెద్ద ఫైళ్లు తీసేవాళ్లు జేపెగ్‌కు మారినా చాలు. ఇకపై తీయబోయే ఫోటోల్లో కొంచెం వివరం తగ్గుతుంది, ఇదివరకు తీసినవి చెక్కు చెదరవు. కొబ్బరికాయ కొట్టే తాతగారిని తుడిచి సముద్రానికి చోటు చేయడం కన్నా, సముద్రాన్ని కొంచెం తక్కువ నాణ్యతలో తీసుకోవడం నాకు సమ్మతం.

ఇంటికి వచ్చాక కూడా నేను కార్డులను వెంటనే ఫార్మాట్ చేయను. కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్‌డిస్క్‌లో ఒకటి నకళ్లు చేరి, ఆ హార్డ్‌డిస్క్ మా తమ్ముడి ఇంటికి వెళ్లాకనే వాటి వంతు. ఆ తర్వాత ఏరివేత మొదలుపెడతాను. ఒకే దృశ్యానివి ఐదుంటే ఒకటో రెండో ఉంచుతాను. కళ్లు మూసుకున్నవాటిని మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి అడిగాకే తీసేస్తాను. ఆ వెనకాల నిలబడినది ఎవరో చాలాసార్లు వాళ్లకే తెలుస్తుంది.